ఏఐతో చదువుకోవడం ఎలా: ముందు మీ ప్రయత్నం, తర్వాతే దాని సాయం

చాట్‌జీపీటీ 2022 నవంబరు 30న జనంలోకి వచ్చింది. ఆ తర్వాత జెమినై, క్లాడ్, కోపైలట్ అంటూ ఒకదాని వెంట ఒకటి చదువుకునేవాళ్ల ఫోన్లలోకి చేరిపోయాయి. ప్రశ్న ఫొటో తీసి పెడితే క్షణాల్లో జవాబు, అదీ స్టెప్పులతో సహా. వీటిని పిల్లలు వాడొచ్చా లేదా అని పెద్దవాళ్లు వాదించుకుంటుండగానే మీరు వాడటం మొదలుపెట్టేశారు. అందుకే ఆ చర్చ జోలికి వెళ్లను. ఎలా వాడితే చదువు వంటబడుతుందో, ఎలా వాడితే అంతా వచ్చినట్టే అనిపించి చివరికి పరీక్ష హాల్లో చేతులెత్తేయాల్సి వస్తుందో వరసగా చెబుతాను. హైస్కూలు నుంచి డిగ్రీ దాకా ఎవరికైనా పద్ధతి ఇదే.

ముందుగా ఒక ప్రయోగం గురించి తెలుసుకోండి. తుర్కియేలోని ఒక హైస్కూల్లో దాదాపు వెయ్యిమంది విద్యార్థులతో లెక్కల మీద చేశారు. ఫలితాలు 2024లో బయటికొచ్చాయి. ప్రాక్టీసు చేసేటప్పుడు కొందరికి మామూలు చాట్‌బాట్ ఇచ్చారు. కొందరికి జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా మార్చిన చాట్‌బాట్ ఇచ్చారు. మిగిలినవాళ్లకు పుస్తకం, నోట్సు మాత్రమే. ప్రాక్టీసులో, ఏఐ లేనివాళ్లతో పోలిస్తే, మామూలు చాట్‌బాట్ ఉన్నవాళ్లు 48 శాతం, సూచనల చాట్‌బాట్ ఉన్నవాళ్లు 127 శాతం మెరుగ్గా చేశారు. తర్వాత అందరి దగ్గరా ఏఐ తీసేసి పరీక్ష పెట్టారు. మామూలు చాట్‌బాట్ వాడినవాళ్లు, అసలు ఏఐ ముట్టుకోనివాళ్లకన్నా 17 శాతం వెనకబడ్డారు. సూచనల చాట్‌బాట్ వాడినవాళ్లలో ఆ నష్టం దాదాపు కనిపించలేదు.

రెండు చాట్‌బాట్ల లోపలా ఉన్నది ఒకే ఏఐ. తేడా అంతా అది సాయం చేసిన తీరులోనే ఉంది. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మరో సంగతి: వెనకబడిన పిల్లలకు తాము తక్కువ నేర్చుకున్నామన్న అనుమానమే రాలేదు. అంటే ‘నాకు బాగానే అర్థమవుతోంది’ అన్న మీ నమ్మకం ఒక్కటీ సరిపోదన్నమాట.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. హార్వర్డ్ యూనివర్సిటీలో ఫిజిక్స్ విద్యార్థుల కోసం, ఒక్కో స్టెప్పు దగ్గరా ఆగి ఆలోచింపజేసేలా ఒక ఏఐ ట్యూటర్‌ను తయారుచేశారు. 2025లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, దానితో నేర్చుకున్నవాళ్లు క్లాసులో కూర్చుని నేర్చుకున్నవాళ్లకన్నా తక్కువ సమయంలో ఎక్కువ నేర్చుకున్నారు. లాభమూ నిజమే, నష్టమూ నిజమే. మీకు ఏది దక్కుతుందన్నది చాలావరకు మీరు దాన్ని ఎప్పుడు తెరుస్తారు, ఏమని అడుగుతారు అన్నదాని మీదే ఉంటుంది.

1. యాప్ తెరిచే ముందు కాగితం తీయండి

ప్రశ్న చదవగానే ఫోన్ అందుకోవద్దు. పది పదిహేను నిమిషాలు మీరే కుస్తీ పట్టండి. జవాబు వచ్చి తీరాలనేం లేదు. ఇచ్చినవి ఏమిటి, కనుక్కోవాల్సింది ఏమిటి, నేను ఎక్కడ ఆగిపోయాను అన్నవి కాగితం మీద రాస్తే చాలు. ఆ మూడోదే అసలు విషయం. ‘ఈ చాప్టరు నా తలకెక్కట్లేదు’ అని రాస్తే అందులో టెన్షనే ఉంటుంది, సందేహం ఉండదు. ‘రెండో స్టెప్పులో మైనస్ గుర్తు ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియలేదు’ అని రాస్తే అది సందేహం. దానికి ఎవరైనా సాయం చేయగలరు, ఏఐ అయినా సరే.

ఇంత శ్రమ ఎందుకంటే, మనకు ఏది తెలుసో ఏది తెలియదో బయటపడేది తంటాలు పడేటప్పుడే. ఆ తర్వాత విన్న వివరణ సరిగ్గా ఆ ఖాళీలో కూర్చుంటుంది. ముందే వివరణ చదివేస్తే అన్నీ సులువుగానే కనిపిస్తాయి. పక్కవాడు ఎక్కాలు అప్పజెబుతుంటే మనకూ వచ్చినట్టే ఉంటుంది, మనల్ని నిలబెట్టి అడిగినప్పుడు కదా తెలిసేది.

అయితే బొత్తిగా కొత్త చాప్టరు, ఓనమాలు కూడా తెలియవనుకోండి, అప్పుడు ఈ కుస్తీ దండగ. ముందు పాఠం చదవండి, చేసి చూపించిన ఉదాహరణలు రెండు మూడు గమనించండి, ఆ తర్వాతి లెక్క నుంచి మీరు మొదలుపెట్టండి. ఈ దశలో ‘ఈ పాఠంలో ముందు ఏది తెలుసుకోవాలి, దానికి నాకు ముందే ఏం వచ్చి ఉండాలి’ అని ఏఐని అడగడంలో తప్పేం లేదు.

2. జవాబు అడగొద్దు, ప్రశ్న వేయమనండి

ఇది కాస్త వివరంగా చూద్దాం, ఎందుకంటే చాలామందికి తేడా కొట్టేది ఇక్కడే. ఒక మామూలు ఫిజిక్స్ ప్రశ్న తీసుకోండి. బంతిని నిట్టనిలువుగా పైకి విసిరారు. అది బాగా పైకి వెళ్లి, కిందికి తిరిగే ఆ క్షణంలో దాని త్వరణం ఎంత? ఎంతోమంది సున్నా అని రాస్తారు. ఆ క్షణంలో వేగం సున్నా కాబట్టి త్వరణం కూడా సున్నాయే అనుకుంటారు.

ఈ ప్రశ్నను యథాతథంగా ఏఐకి ఇస్తే ‘సెకనుకు సెకనుకు 9.8 మీటర్లు, కింది దిశలో’ అని చెప్పి, కింద నాలుగు లైన్ల వివరణ ఇస్తుంది. మీరు ‘ఓహో’ అనుకుని పక్క ప్రశ్నకు వెళ్లిపోతారు. వేగం సున్నా అయితే త్వరణమూ సున్నా అన్న ఆలోచన మాత్రం మీ బుర్రలో అలాగే ఉండిపోతుంది. రేపు లోలకం మీద అదే ప్రశ్న ఇంకో రూపంలో వస్తే మళ్లీ అదే తప్పు.

దాని బదులు ఇలా రాసి చూడండి:

‘బంతిని నిలువుగా పైకి విసిరితే, పై చివర దాని త్వరణం సున్నా అని రాశాను. అక్కడ వేగం సున్నా కాబట్టి అలా అనుకున్నాను. పుస్తకంలో జవాబు వేరేగా ఉంది. నాకు సరైన జవాబు చెప్పొద్దు, సూత్రం కూడా ఇవ్వొద్దు. నేను ఎక్కడ పొరబడ్డానో నాకే తెలిసేలా ఒక్క ప్రశ్న అడుగు. నేను జవాబిచ్చాకే ఇంకో ప్రశ్న వెయ్యి.’

అప్పుడు అది ‘ఆ మరుక్షణం బంతి ఏం చేస్తుంది?’ లాంటి ప్రశ్న వేస్తుంది. కిందికి కదులుతుందని మీరంటారు. ‘అంటే వేగం సున్నా నుంచి మారింది. వేగం మారాలంటే ఏం ఉండాలి?’ అంటుంది. త్వరణం అని మీ నోటితో మీరే చెబుతారు. త్వరణం నిజంగానే సున్నా అయ్యుంటే బంతి గాల్లో అక్కడే నిలబడిపోయేదని ఆ క్షణంలో తడుతుంది. అలా తట్టింది మరిచిపోవడం కష్టం.

ఆ మెసేజ్‌లో ఏమేం ఉన్నాయో గమనించండి. మీరు ఏం చేశారో ఉంది, ఎందుకలా చేశారో ఉంది, మీకు ఎలాంటి సాయం వద్దో ఉంది. ఏ సబ్జెక్టుకైనా ఈ మూడూ రాయండి. మీ తరగతి, సిలబస్ కూడా చెప్పండి. వీలైతే పాఠంలోని ఆ పేజీ ఫొటో పెట్టి ‘ఈ పుస్తకంలో వాడిన మాటలతోనే చెప్పు’ అనండి. లేకపోతే అది తనకు తోచిన పదాలు, మీరింకా చదవని పద్ధతులు తెచ్చి గందరగోళం చేస్తుంది.

ఈ పని కోసమే యాప్‌లలో ప్రత్యేకంగా మోడ్‌లు కూడా వచ్చాయి. చాట్‌జీపీటీలో స్టడీ మోడ్, జెమినైలో గైడెడ్ లర్నింగ్ 2025లో మొదలయ్యాయి, క్లాడ్‌లోనూ అలాంటిది ఉంది. అవి నేరుగా జవాబు చెప్పకుండా మెట్టు మెట్టుగా నడిపించడానికి ప్రయత్నిస్తాయి. మంచివే. కానీ ఆ మోడ్ ఆపేసి జవాబు లాక్కోవడం క్షణం పని. రాత్రి పదకొండింటికి, పొద్దున సబ్మిట్ చేయాల్సిన హోంవర్క్ ముందు పెట్టుకుంటే ఎవరి చెయ్యి అయినా అటే వెళ్తుంది. కాబట్టి హోంవర్క్ ఇచ్చిన రోజే మొదటి ప్రయత్నం చేసేయండి. ఏఐ విషయంలో క్రమశిక్షణ అంటే సగం ఇదే.

3. చెప్పిందల్లా నమ్మొద్దు, ఇలా సరిచూడండి

ఈ చాట్‌బాట్లు కోట్లకొద్దీ పేజీలు చదివి, ఏ మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో నేర్చుకున్నవి. అందుకే తెలిసింది చెప్పినా, తెలియనిది కల్పించినా వాటి గొంతు ఒకటే. తడబాటు ఉండదు. టీచరుకు తెలియకపోతే ముఖంలో కనిపిస్తుంది, ఇక్కడ ఆ సూచన కూడా దొరకదు.

2023లో న్యూయార్క్‌లో, ఏవియాంకా అనే విమాన సంస్థ మీద నడిచిన కేసులో ఇద్దరు లాయర్లు పాత తీర్పుల్ని చాట్‌జీపీటీ నుంచి తీసుకుని కోర్టుకు సమర్పించారు. తీరా చూస్తే వాటిలో చాలా కేసులు అసలు లేనే లేవు. ఆ లాయర్లలో ఒకరు, వాటిలో ఒక కేసు నిజమైనదేనా అని చాట్‌జీపీటీనే అడిగారు, అది అవునంది. జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశారు. ఈ ఉదంతంలో విద్యార్థులు పట్టుకోవాల్సిన పాయింటు ఆ మధ్యలోదే: ఏఐ మాట నిజమో కాదో ఏఐనే అడిగి తేల్చుకోకూడదు.

ఇంకో చిక్కు ఏమిటంటే, అది మనతో ఏకీభవించడానికి మొగ్గు చూపుతుంది. ఒక కారు ఒక చోటుకు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లి, అదే దారిలో 60 కిలోమీటర్ల వేగంతో తిరిగొచ్చింది, సగటు వేగం ఎంత అన్న లెక్క చూడండి. గబుక్కున 50 అనేస్తాం. దూరం 120 కిలోమీటర్లు అనుకుంటే వెళ్లడానికి 3 గంటలు, రావడానికి 2 గంటలు. మొత్తం 240 కిలోమీటర్లు, 5 గంటలు. అంటే 48. ఇంత తేలిక లెక్కలో ఇప్పటి ఏఐలు మాట మీద నిలబడొచ్చు. కాస్త కష్టమైన ప్రశ్నలో మాత్రం మీరు ‘కాదు, నా జవాబే కరెక్టు’ అని గట్టిగా అంటే, ‘క్షమించండి, మీరన్నదే నిజం’ అని మాట మార్చేయడం జరుగుతుంది. ‘ఖచ్చితంగా చెబుతున్నావా?’ అని అడిగినా ఒక్కోసారి సరైన జవాబునే మార్చేస్తుంది. కాబట్టి సరిచూడాలనుకున్నప్పుడు మీ జవాబేమిటో చెప్పకుండా, కొత్త చాట్‌లో, ఉత్త ప్రశ్న మాత్రమే ఇచ్చి అడగండి. రెండు జవాబులూ కలవకపోతే పుస్తకమే దిక్కు.

లెక్కలైతే వచ్చిన విలువను తిరిగి సమీకరణంలో పెట్టి చూడండి, యూనిట్లు సరిపోయాయో లేదో చూడండి. తేదీలు, గణాంకాలు, ఎవరో అన్నారని చెప్పే మాటలు, పుస్తకాల పేర్లు, పేజీ నంబర్లు మాత్రం అసలు చోట మీ కళ్లతో చూడకుండా ఎక్కడా రాయొద్దు. కల్పన ఎక్కువగా దొరికిపోయేది వీటిలోనే. చేతిరాత ఫొటో పెట్టినప్పుడు అది 1ని 7గా, ఘాతాన్ని మామూలు అంకెగా చదివే ప్రమాదం ఉంది. ముందు ‘నువ్వు చదివిన ప్రశ్న తిరిగి రాయి’ అనండి.

4. అంతా మూసేసి, మళ్లీ రాయండి

అర్థమైంది అనిపించిన వెంటనే స్క్రీన్ ఆపి, అదే లెక్క లేదా అదే వివరణ చూడకుండా రాయండి. ఇది వదిలేస్తే పైన చేసినదంతా సగం వృథా.

దీనికి గట్టి ఆధారం ఉంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులతో ఒక పాఠం చదివించారు. తర్వాత కొందరు దాన్నే మళ్లీ చదివారు. కొందరు పాఠం చూడకుండా గుర్తున్నంతవరకు రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్లీ చదివినవాళ్లే మెరుగు. వారం తర్వాత పరీక్షిస్తే లెక్క తిరగబడింది. చూడకుండా రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంది, మళ్లీ చదివినవాళ్లకు 42 శాతమే. ఏఐ ఇచ్చిన వివరణను రెండు మూడుసార్లు చదువుకోవడం కూడా ‘మళ్లీ చదవడం’ కిందికే వస్తుంది, ఎంత చక్కగా రాసి ఇచ్చినా సరే.

నా దృష్టిలో విద్యార్థికి ఏఐ చేసే అతి పెద్ద మేలు ఇక్కడే ఉంది. మీ నోట్సు ఇచ్చి ‘దీంట్లోంచి మాత్రమే పది ప్రశ్నలు ఇవ్వు. ఆప్షన్లు వద్దు. ఒక్కొక్కటిగా అడుగు. నేను రాశాక ఏది వదిలేశానో చెప్పు’ అనండి. ఇలా విసుక్కోకుండా ఎన్నిసార్లయినా పరీక్ష పెట్టే మనిషి ఇంట్లో అందరికీ దొరకరు. క్లాసులో లేచి అడగడానికి బిడియపడే పిల్లలకు, ఇంట్లో ఆ సబ్జెక్టు తెలిసినవాళ్లు ఎవరూ లేని పిల్లలకు ఇది ఎంత పెద్ద అండో మాటల్లో చెప్పలేను. అదే ప్రశ్న పదోసారి అడిగినా అది చిరాకు పడదు. చూపు సరిగా లేనివాళ్లకు బొమ్మలో ఏముందో చదివి చెబుతుంది, వినికిడి తక్కువైనవాళ్లకు క్లాసు మాటల్ని అక్షరాల్లో పెడుతుంది.

ఆ పది ప్రశ్నల్లో తప్పినవి ఒక కాగితం మీద రాసి పెట్టుకుని మర్నాడు ఒకసారి, మూడు నాలుగు రోజులకు ఒకసారి, వారానికి ఒకసారి మళ్లీ చేయండి.

5. వ్యాసాలు, ప్రాజెక్టులు, అసైన్‌మెంట్లు

మొదట మీ టీచరును అడగండి: దీనికి ఏఐ వాడొచ్చా, వాడితే ఎంతవరకు? ఒక్కో టీచరు ఒక్కోలా చెబుతారు. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు. అడిగినవాళ్ల మీద గౌరవమే పెరుగుతుంది.

తర్వాత మొదటి ప్రతి మీరే రాయండి, ఎంత వంకరటింకరగా ఉన్నా ఫరవాలేదు. ఏం చెప్పాలో తేల్చుకునే పని రాస్తున్నప్పుడే జరుగుతుంది. ఆ పని ఏఐకి అప్పగిస్తే మీ చేతిలో మిగిలేది కాగితమే. రాశాక దానికిచ్చి ‘తిరగరాయొద్దు. నా వాదన ఎక్కడ తెగింది, ఏ పేరాకు ఆధారం లేదు, చదివేవాళ్లకు ఎక్కడ అర్థం కాదు, అంతవరకే చెప్పు’ అనండి. సరిదిద్దేది మీరు.

ఏఐ రాసిందా మనిషి రాశాడా అని పట్టుకునే సాఫ్ట్‌వేర్ల గురించి విద్యార్థులకూ టీచర్లకూ ఒక మాట. వాటి మాటను తీర్పుగా తీసుకోకూడదు. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే అలాంటి పరికరాన్ని విడుదల చేసి, అది నమ్మదగ్గట్టు పనిచేయడం లేదని 2023 జులైలో వెనక్కి తీసుకుంది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్ష కోసం సొంతంగా రాసిన వ్యాసాల్ని ఏడు డిటెక్టర్లకు ఇచ్చి చూశారు. సగటున 61 శాతం వ్యాసాల్ని అవి ఏఐ రాసినవేనని తేల్చాయి. రెండో భాషలో జాగ్రత్తగా, తేలిక మాటలతో రాసే పిల్లల మీద ఇలా నింద పడటం చాలా అన్యాయం.

అందుకే మీ రక్షణ మీరే చూసుకోవాలి. వెర్షన్ హిస్టరీ (ఎప్పుడు ఏం రాశారో, ఏం మార్చారో చూపే రికార్డు) ఉండే గూగుల్ డాక్స్ లాంటివాటిలో రాయండి. చిత్తుప్రతులు, చేత్తో రాసుకున్న పాయింట్లు పారేయొద్దు. ఏఐ సాయం తీసుకుని ఉంటే చివర ఒక లైన్ రాయండి: దేన్ని వాడారు, ఏ పనికి వాడారు అని. మీరు రాసిందాని మీద టీచరు అయిదు నిమిషాలు ప్రశ్నలు వేస్తే నిలబడి చెప్పగలగాలి. చెప్పలేని వాక్యం ఏదైనా ఉంటే సబ్మిట్ చేయకముందే తీసేయండి.

6. సొంత విషయాలు అందులో పెట్టకండి

చాలా చాట్‌బాట్లకు కనీస వయసు నిబంధన ఉంది. చాట్‌జీపీటీకి 13 ఏళ్లు నిండాలి, 18 లోపువాళ్లకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. యునెస్కో 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా తరగతి గదిలో వీటిని స్వతంత్రంగా వాడటానికి 13 ఏళ్లను కనీస హద్దుగా పెట్టమన్నాయి. అకౌంట్ తెరవగానే సెట్టింగ్స్‌లోకి వెళ్లి, మీ సంభాషణల్ని ఏఐ శిక్షణకు వాడుకునే ఆప్షన్ ఉంటే ఆపేయండి. మార్కుల మెమోలు, గుర్తింపు కార్డులు, ఫోన్ నంబర్లు, స్నేహితుల ఫొటోలు అప్‌లోడ్ చేయొద్దు.

చదువు ఒత్తిడి భరించలేక రాత్రుళ్లు దాంతోనే మనసు విప్పుకునే పిల్లలు ఉన్నారు. అది ఓపికగా వింటున్నట్టే ఉంటుంది. కానీ మీకు ఏమవుతోందో కనిపెట్టి తలుపు తట్టి వచ్చే శక్తి దానికి లేదు. బాధ ఎక్కువైతే అమ్మానాన్నలకో, నమ్మకమున్న టీచరుకో, కౌన్సెలర్‌కో చెప్పండి, అదే రోజు చెప్పండి.

7. వారానికోసారి ఏఐ లేకుండా పరీక్ష పెట్టుకోండి

ఆ వారం ఏఐ సాయంతో చేసిన వాటిలోంచి అయిదు ప్రశ్నలు తీయండి. అంకెలు మార్చండి, లేదా పుస్తకంలో అలాంటివే వేరేవి ఎంచుకోండి. ఫోన్ ఇంకో గదిలో పెట్టి, టైమ్ పెట్టుకుని రాయండి. మార్కులు తేదీతో సహా ఒక పుస్తకంలో వేసుకోండి.

నాలుగైదు వచ్చాయంటే మీరు వాడుతున్న పద్ధతి పనిచేస్తోంది, అలాగే సాగండి. రెండో మూడో వస్తే, తప్పిన ప్రశ్నల్లో మొదటి మెట్టు దాటేసి నేరుగా ఏఐ దగ్గరికి వెళ్లినవి ఎన్నో చూసుకోండి. వరసగా రెండు వారాలు మూడు కూడా దాటకపోతే, ఆ సబ్జెక్టు వరకు కొన్నాళ్లు ఏఐని మీరు పూర్తిగా చేసిన జవాబులు సరిచూడటానికి మాత్రమే ఉంచుకుని, సందేహాలను మీరు కుస్తీ పట్టిన కాగితంతో సహా టీచరు దగ్గరికి తీసుకెళ్లండి.